నర్సాపురం రైలెక్కి పెద్ద తెరకు: ప్రసాద్స్‌లో ఒక ఉదయం ఆట

కోనసీమలో ఉంటూ ఒక్క సినిమా కోసం హైదరాబాదు దాకా వెళ్లి రావడం అవసరమా అన్న విషయంలో మా ఇంట్లోనే రెండు అభిప్రాయాలు ఉండేవి. రాజమండ్రిలోనూ, కాకినాడలోనూ, భీమవరంలోనూ ఇప్పుడు మంచి హాళ్లు ఉన్నాయి. కూర్చునే కుర్చీకి గానీ, చల్లదనానికి గానీ మన దగ్గర లోటేమీ లేదు. అయినా గత నెలలో మా ఇంటిల్లిపాదీ రాత్రి రైలెక్కి వెళ్లి, హుస్సేన్ సాగర్ దగ్గర ఎన్టీఆర్ మార్గ్‌లో ఉన్న ప్రసాద్స్ మల్టీప్లెక్స్‌లో పెద్ద తెర మీద ఒక సినిమా చూసి, ఆ రాత్రి రైలుకే తిరిగి వచ్చాము. ఈ ప్రయాణం ఎలాంటి సినిమాకు చేయాలో, ఎలాంటి సినిమాకు చేయకూడదో మన ప్రాంతం వాళ్లకు వివరంగా చెప్పాలన్న ఉద్దేశంతో ఇది రాస్తున్నాను. మేము చూసిన సినిమా పేరు చెప్పడం లేదు, ఎందుకంటే ఇది హాలు గురించిన సమీక్షే గానీ సినిమా సమీక్ష కాదు.

వెళ్లినది నలుగురం: నేను, మా ఆవిడ, పదకొండేళ్ల మా అమ్మాయి, మా మావయ్యగారు. మావయ్యగారిది కాట్రేనికోన వైపు. జీవితమంతా కొబ్బరితోటలతోనే గడిపిన మనిషి. మాది మలికిపురం దగ్గర కాబట్టి సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి గోదావరి దాటితే నర్సాపురం స్టేషను చేరువే. సాయంత్రం బయలుదేరే హైదరాబాదు రైలు ఎక్కితే పాలకొల్లు, భీమవరం, గుడివాడ, విజయవాడల మీదుగా తెల్లవారేసరికి సికింద్రాబాదులో దింపుతుంది. పాలకొల్లు స్టేషనులో బండి ఆగినప్పుడు, అల్లు రామలింగయ్యగారూ, దాసరి నారాయణరావుగారూ పుట్టిన ఊరు ఇదేనమ్మా అని మావయ్యగారు మనవరాలికి చూపించారు. బేగంపేటలో మా ఆవిడ పిన్నిగారి ఇంట్లో స్నానాలు, ఫలహారాలు ముగించుకుని మెట్రో ఎక్కాము. అమీర్‌పేటలో బండి మారి ఖైరతాబాదులో దిగితే అక్కడి నుంచి హాలుకు ఆటోలో కొద్ది నిమిషాల దారి. ఊరు తెలియని వాళ్లు కూడా ఎవరినీ అడగకుండా చేరుకోగలిగిన మార్గం ఇది.

అక్కడ ఇప్పటికీ ఆటో డ్రైవరుతో "ఐమాక్స్" అంటేనే సులువుగా అర్థమవుతుంది. నిజానికి ఆ పేరు పోయి చాలా ఏళ్లయింది. 2003లో ఈ హాలు తెరిచినప్పుడు 72 అడుగుల ఎత్తు, 95 అడుగుల వెడల్పు ఉన్న ఐమాక్స్ తెర ఉండేది. ఫిల్ము 70 ఎంఎం వెడల్పున యంత్రంలో అడ్డంగా పరుగెత్తేది, ఒక్కొక్క బొమ్మకు ఒక్కొక్క అంచున 15 రంధ్రాల పొడవు పట్టేది. భీమవరంలో చదువుకునే రోజుల్లో, 2005లో, స్నేహితులతో కలిసి వచ్చి ముప్పావు గంట కూడా లేని ఒక డాక్యుమెంటరీ చూశాను. అందులో ఏముందో సగం మరిచిపోయాను గానీ, నా చూపు చివర్ల దాకా బొమ్మే ఉండటం మాత్రం ఇరవై ఏళ్లుగా గుర్తుంది. తర్వాత ఫిల్ము యంత్రాలు పోయాయి, ఐమాక్స్ అనుబంధం పోయింది, తెర మారింది. ఇప్పుడున్న తెర వెడల్పు 101.6 అడుగులు, ఎత్తు 64 అడుగులు. దాన్ని పీసీఎక్స్ అని పిలుస్తున్నారు. టికెట్టు కొనేటప్పుడు ఆ పేరు చూసుకుని కొనాలి, లేకపోతే అదే భవనంలోని మామూలు తెరలకు టికెట్లు తీసుకునే ప్రమాదం ఉంది. రైలు టికెట్ల కంటే ముందు సినిమా టికెట్లు ఖాయం చేసుకోలేము, ఎందుకంటే ఆటలు కొద్ది రోజుల ముందే తెరుస్తారు. అందుచేత రద్దీ లేని వారం చూసుకుని వెళ్లడం మంచిది.

ఈ హాలు పేరులో ఉన్న ప్రసాద్ ఎవరో కూడా మన వాళ్లకు తెలియాలి. ఏలూరు దగ్గర సోమవరప్పాడులో రైతు కుటుంబంలో పుట్టి, తొలి హిందీ, తొలి తమిళ, తొలి తెలుగు టాకీలు మూడింటిలోనూ కనిపించి, దర్శకుడై, నిర్మాతై, స్టూడియో కట్టి, 1982 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్న ఎల్.వి. ప్రసాద్‌గారు ఆయన. మన పక్క నుంచి సినిమా కోసం ఊరు విడిచి వెళ్లిన మనిషి పేరున్న హాలుకు, మన పక్క నుంచి రైలెక్కి వెళ్లడం నాకు తృప్తినిచ్చింది.

లోపలికి వెళ్లగానే మావయ్యగారు కూర్చోలేదు. మెట్ల మీదే నిలబడి, చెయ్యి నొసట పెట్టుకుని, తోటలో చెట్టు కింద నిలబడి గెలలు లెక్కపెట్టే తీరులో తెరను కింది నుంచి పైకి చూశారు. "అల్లుడుగారండీ, మన పడమటి గట్టు మీద ముదురు చెట్టుంది చూశారూ, దాని మొవ్వు అదుగో, అక్కడికి వస్తుందండి" అని తెర పై అంచుకు ఒక బారెడు కిందుగా వేలు చూపించారు. ఆ చెట్టు అరవై అడుగులు ఉంటుందని దింపు తీసేవాళ్లు చెబుతూ ఉంటారు. అడుగుల్లో ఎన్ని లెక్కలు చెప్పినా పట్టుబడని పరిమాణం నాకు ఆ మాటతో అర్థమైంది. అటువంటి ఎత్తున్న చెట్టును, దాని పక్కన రెండు వైపులా తోటను కూడా నిలువునా ఎత్తి ఒక గోడకు అతికిస్తే ఎంత ఉంటుందో ఆ తెర అంత.

ఇక్కడే ముఖ్యమైన సంగతి ఒకటి చెప్పాలి. ఇంత పెద్ద తెర ఉన్నంత మాత్రాన ప్రతి సినిమా ఇంత పెద్దగా కనిపించదు. మన తెలుగులో పెద్ద హీరోల సినిమాలు ఎక్కువగా స్కోప్ కొలతలో, అంటే ఎత్తుకు 2.39 రెట్ల వెడల్పుతో తీస్తారు. ఆ బొమ్మను 101.6 అడుగుల వెడల్పుకు సాగదీస్తే దాని ఎత్తు 42 అడుగుల పైచిలుకు మాత్రమే వస్తుంది. 64 అడుగుల తెరలో పైనా కిందా కలిపి 21 అడుగులకు పైగా ఖాళీ మిగిలిపోతుంది. వెడల్పు ఎక్కువే కాబట్టి అప్పుడు కూడా మన పట్టణాల్లో చూసే బొమ్మ కంటే పెద్దదే, కానీ కొబ్బరిచెట్టంత ఎత్తు మాత్రం ఉండదు. అదే ఎత్తుకు 1.90 రెట్లు వెడల్పుగా తీసిన సినిమా అయితే 53 అడుగుల ఎత్తుకు వెళుతుంది. ఐమాక్స్ కోసం నిలువు చట్రంలో, అంటే వెడల్పుతో పోలిస్తే ఎత్తు ఎక్కువగా ఉండే బొమ్మతో తీసిన సినిమాలు గానీ, వాటిలోని కొన్ని ఘట్టాలు గానీ ఈ తెరను ఇంకా ఎక్కువగా నింపుతాయి. మన దగ్గరే బాగా ఆడుతున్న సినిమా స్కోప్‌లో ఉంటే దాని కోసం ఇంత దూరం వెళ్లనక్కరలేదని నా అభిప్రాయం. సినిమా ఏ కొలతలో తీశారో ముందుగా విచారించి, నిలువు చట్రం ఎక్కువగా ఉన్నదాన్ని ఎంచుకుని వెళితేనే రాత్రి నిద్ర పాడుచేసుకున్నందుకు ఫలితం ఉంటుంది.

వెలుగు గురించి కూడా చెప్పకపోతే సమీక్ష పూర్తికాదు. తెర పెద్దదయ్యే కొద్దీ దాని మీద పరచవలసిన వెలుగు కూడా పెరుగుతుంది. 50 అడుగుల వెడల్పున్న స్కోప్ తెర విస్తీర్ణం సుమారు 1,050 చదరపు అడుగులైతే ఈ తెరది 6,500 చదరపు అడుగులు, అంటే ఆరు రెట్లు. అంత మేరా బొమ్మ పాలిపోకుండా ఉండాలంటే యంత్రం గట్టిదై ఉండాలి. ఇక్కడ లేజరు ప్రొజెక్టర్లు వాడుతున్నారు. రాత్రి సన్నివేశంలో నీళ్ల మీద చీకటి, ఆ చీకటిలో పడవ అంచు, పడవలో మనిషి తల పై తడి విడివిడిగా కనిపించాయి. నేను ఈ మాట ఇంతగా పట్టించుకోవడానికి కారణం ఉంది. రెండేళ్ల కిందట మన వైపు ఒక పట్టణంలోని హాల్లో మా అమ్మాయికి మొదటిసారి త్రీడీ సినిమా చూపించాను. సినిమా తెర మీద వెలుగు 14 ఫుట్‌ల్యాంబర్టులు (తెర మీది వెలుగును కొలిచే కొలమానం ఇది) ఉండాలన్నది పరిశ్రమ పెట్టుకున్న ప్రమాణం. త్రీడీ కళ్లద్దాలు పెట్టుకుంటే అందులో చాలా భాగం తగ్గిపోతుంది. దానికి తోడు ఆ హాల్లో ప్రొజెక్టరు దీపాన్ని ఆయుష్షు తీరేదాకా లాగించినట్టున్నారు. బొమ్మ మొత్తం సాయంత్రం మసకలో చూస్తున్నట్టుగా ఉంది. "నాన్నా, కరెంటు తక్కువగా వస్తోందా?" అని పాప అడిగింది. పగటి పూట జరిగే కథను అంత మసకగా చూపించి పూర్తి టికెట్టు డబ్బులు తీసుకోవడం అన్యాయమని మేనేజరుకు చెప్పాను. ఆయన విన్నారు గానీ దీపం మార్చారో లేదో నాకు తెలియలేదు. మంచి హాలుకు మొదటి లక్షణం వెలుగు అని నాకు అప్పటి నుంచీ పట్టుదల.

ఎక్కడ కూర్చోవాలి అన్నది అన్ని పెద్ద తెరల విషయంలోనూ ఒకటే. టికెట్టు ఉందని ముందు వరుసల్లో కూర్చుంటే బొమ్మ ఒక్కసారిగా కంటికి అందదు, మెడ తిప్పుకుంటూ చూడాలి. నిలువు చట్రం ఉన్న సినిమాకు హాలు మధ్య నుంచి కొంచెం వెనక్కు, అడ్డంగా చూస్తే నట్టనడుమ కూర్చోవడం ఉత్తమం. పెద్దవాళ్లు వెంట ఉంటే నడవ పక్క కుర్చీలు తీసుకోవాలి. ఇటువంటి హాళ్లలో మెట్లు నిటారుగా ఉంటాయి, చీకట్లో దిగవలసి వస్తే తడబడతారు. మేము మావయ్యగారిని నడవ పక్కనే కూర్చోబెట్టాము.

ఇక ఆ ఉదయం మాకు జరిగిన అనుభవం. సినిమా రెండో గంటలో ఒక తుపాను ఘట్టం వస్తుంది. మొదట బొమ్మలో ఏమీ ఉండదు, దూరంగా నల్లటి ఆకాశం, కదలని చెట్లు. శబ్దం మాత్రం మొదలవుతుంది. చెవితో విన్నట్టుగా కాక కుర్చీ చేతుల మీద పెట్టిన మోచేతులకు తెలిసేంత మంద్రంగా ఒక హోరు ఎడమ పక్క నుంచి వచ్చి, వెనక్కు వెళ్లి, నెత్తి మీదికి ఎక్కింది. ఆ తర్వాతే చెట్లు వంగాయి. నా పక్కన మావయ్యగారి చెయ్యి నా మణికట్టు మీద పడింది. పట్టుకున్న చెయ్యి ఆ ఘట్టం అయ్యేదాకా వదల్లేదు. ఆయన తెర వంక చూడటం లేదు, తల వంచుకుని వింటున్నారు.

ఆట అయ్యాక కూడా వెంటనే లేవలేదు. జనం దిగిపోతున్నారు. "తొంభై ఆరులో గాలి ఇలాగే వచ్చిందండి. ముందు చెట్టు కదల్లేదండి, మోత వచ్చిందండి. రైలు తోటలోకి వచ్చేసిందేమో అనుకున్నామండి" అన్నారు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద పడిన ఆ తుపాను సంగతి మన వాళ్లెవరికీ చెప్పనక్కరలేదు. వందల మంది పోయిన ఆ రాత్రి కాట్రేనికోన వైపు తోటలకు తోటలే నేలకొరిగాయి. మావయ్యగారు ఆ రాత్రి గురించి మాట్లాడటం మా పెళ్లయిన పదిహేనేళ్లలో నేను వినలేదు. మా ఆవిడ కూడా చిన్నప్పుడు ఎవరి భుజం మీదో ఉన్నట్టు మాత్రమే గుర్తు చేసుకుంటుంది. ఆ కుర్చీల్లోనే కూర్చుని ఆయన చెప్పారు: తెల్లవారి లేచి చూస్తే ఇంటి నుంచి సముద్రం వైపు ఎన్నడూ కనిపించనంత దూరం కనిపించిందట, అడ్డం ఉన్న చెట్లన్నీ పడిపోవడం వల్ల. ఒక హాల్లో స్పీకర్లు అంత నిజమైన గాలిని తెప్పించగలవని నేను అనుకోలేదు. ధ్వని విషయంలో ఈ హాలు గురించి ఇంతకంటే గట్టి యోగ్యతాపత్రం నేను ఇవ్వలేను.

తాతయ్య మాట్లాడుతున్నంత సేపూ మా అమ్మాయి కింద తెర దగ్గర నిలబడి ఉంది. ఊడ్చేవాళ్లు వద్దనలేదు. నన్ను పిలిచి చూపించింది: తెర నిండా సూది గుచ్చినంత సన్నని బెజ్జాలు. పది వరుసల వెనక్కు వచ్చేసరికి అవి కంటికి ఆనవు. మాటలు పలికే స్పీకర్లు తెర వెనక ఉంటాయి, ఆ బెజ్జాల్లోంచే శబ్దం మన దగ్గరకు వస్తుంది, అందుకే తెర మీది మనిషి నోటి నుంచే మాట వచ్చినట్టు ఉంటుంది అని చెప్పాను. "అయితే గాలి కూడా వీటిలోంచే వచ్చిందా?" అని అడిగి, అరచెయ్యి చాచి తెరకు దగ్గరగా పెట్టి చూసింది.

మధ్యాహ్నం మావయ్యగారిని పిన్నిగారింట్లో పడుకోబెట్టి, పాప సరదా పడిందని ముగ్గురం నగరంలోనే మరొక మాల్‌లో కుర్చీలు కదిలే హాలుకు వెళ్లాము. 2009లో కొరియాలో మొదలైన పద్ధతి ఇది: తెర మీద కారు మలుపు తిరిగితే కుర్చీ ఒరుగుతుంది, వాన పడితే ముందు కుర్చీ వీపు నుంచి నీళ్లు చిలకరిస్తుంది, మెడ దగ్గర గాలి వీస్తుంది. నడుము నొప్పి, గుండె జబ్బు ఉన్నవాళ్లూ, గర్భిణులూ ఎక్కవద్దని రాసి ఉంటుంది కాబట్టి మావయ్యగారిని తీసుకెళ్లకపోవడమే మంచిదైంది. మొదటి పావుగంట పాప కేరింతలు కొట్టింది. తర్వాత మాటలు నడిచే సన్నివేశంలో కూడా కుర్చీ కుదుపుతూ ఉండటంతో కథ మీద దృష్టి నిలవలేదు. రెండో సగంలో మా ఆవిడ కుర్చీ అసలు కదలడం మానేసింది. చెబితే ఆట మధ్యలో ఏమీ చేయలేమన్నారు. ఉదయం మెడకు గాలి తగలకుండానే వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి, మధ్యాహ్నం నిజంగా గాలి వీస్తున్నా ఏమీ అనిపించలేదు. పిల్లలు ఒకసారి చూడవచ్చు గానీ, రైలు ఖర్చు పెట్టుకుని రావలసిన వినోదం అది కాదు.

ఆ మాల్ గుమ్మం దగ్గర ఆత్రేయపురం పూతరేకుల పెట్టె కూడా ఆపేశారు. పిన్నిగారి కోసం తెచ్చిన వాటిలో పాప కొన్ని తీసి దాచుకుంది. బయటి తినుబండారాలను రానివ్వాలో వద్దో హాలు యజమాని ఇష్టమేనని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి వాదించి లాభం లేదు. అయితే మంచినీళ్లు ఉచితంగా ఇవ్వాలనీ, పసిపిల్లల ఆహారాన్ని ఆపకూడదనీ ఆ సందర్భంలోనే ప్రస్తావనకు వచ్చింది. నీళ్ల సీసా కొనమంటే కొనేయకుండా, తాగే నీళ్లు ఎక్కడున్నాయని అడగండి. మేము అడిగాము, ఒక మూలన ఉన్న కుళాయి చూపించారు.

ఇంకొకసారి వెళ్లినప్పుడు చూడవలసినది ఆర్టీసీ క్రాస్ రోడ్స్. సుదర్శన్ 35 ఎంఎం, దేవి 70 ఎంఎం వంటి పాత పెద్ద హాళ్లలో మొదటి రోజు జనం మధ్య సినిమా చూడటం మరొక రకమైన అనుభవం. భీమవరంలో అభిమానుల సందడి తెలిసిన వాళ్లకు అది కొత్త కాకపోవచ్చు. పెద్దాయన వెంట ఉన్నారు కాబట్టి ఈసారి అటు పోలేదు.

మర్నాడు ఇంటికి చేరాక మావయ్యగారు ఆ సాయంత్రమే కాట్రేనికోన వెళ్లిపోయారు. రెండు రోజుల తర్వాత మా అత్తయ్యగారు ఫోను చేశారు. ఆవులను చూసుకోవాలని ఈసారి ఆవిడ రాలేదు. తెర కొబ్బరిచెట్టంత ఉందని ఊళ్లో అందరికీ చెబుతున్నారనీ, తుపాను సంగతి ఇంటికి వచ్చాక కూడా ఎత్తారనీ చెప్పి, "గాలీ వానా లేని సినిమా ఏదైనా వస్తే చెప్పండి బాబూ, ఈసారి నేను కూడా వస్తాను" అన్నారు. గాలీ వానా లేకుండా, నిలువు చట్రంలో తీసినది ఎప్పుడు వస్తుందా అని ఇప్పుడు ఎదురుచూస్తున్నాను.